మూడు కవర్లు: సంఘం లెక్కలు చూసేవాళ్లు బతికుండగానే సర్దిపెట్టుకోవాల్సినవి

వీధి సంఘానికో, అపార్ట్‌మెంట్‌కో, గుడి కమిటీకో, మసీదు కమిటీకో మీరు డబ్బులు, పుస్తకాలు చూస్తుంటే ఇది మీకోసం. నేను కర్నూలులో ఒక బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చివరి పదకొండేళ్లు డెత్ క్లెయిముల టేబుల్ నాది. ఖాతాదారు పోయాక ఇంటివాళ్లు వచ్చి కూర్చునే కుర్చీకి ఎదురు కుర్చీ నాది. ఇంత తెలిసి కూడా మా సొంత తమ్ముడికి ఏమీ సర్దిపెట్టలేకపోయాను. వాడు పోయాక ఐదు నెలలు మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను. వాడి గురించి రాసినంతా మా మరదలికి చదివి వినిపించాను. ఆమె సరేనన్నదే ఇక్కడ ఉంచాను. పేరు, వీధి రాయను.

తమ్ముడు వాళ్ల వీధిలో చావు నిధి నడిపేవాడు. 62 ఇళ్లు, ఇంటికి నెలకు వంద. ఎవరింట్లో ఎవరు పోయినా ఆ రోజే పదిహేను వేలు చేతిలో పెట్టేవాళ్లు. ఫ్రీజర్ బాక్సు, షామియానా, వైకుంఠ రథం, ముస్లింల ఇంట్లో అయితే కఫన్ గుడ్డ, ఖబర్ తవ్వినవాళ్ల కూలీ, అన్నీ దాంతోనే జరిగిపోయేవి. పదమూడేళ్లు నడిపాడు. అర్ధరాత్రి ఫోన్ మోగినా చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. యాభై నాలుగో ఏట ఒక మంగళవారం పొద్దున పాలకని పోయి అంగడి ముందరే కూలిపోయాడు. పెద్దాసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. వీధిలో అందరికీ ఆ రోజే అందే పదిహేను వేలు వాడి ఇంటికి అందలేదు. డబ్బు వాడి ఫోన్‌లో ఉంది. ఫోన్‌కు లాక్ ఉంది.

ఆ ఐదు నెలల్లో నాకు అర్థమైంది ఒక్కటే. మనిషి దగ్గర మూడు రకాల సంగతులు ఉంటాయి. సంఘానివి, ఇంటివాళ్లవి, తనవి. బతికున్నన్నాళ్లూ మూడూ ఒకే సంచిలో కలిసి ఉన్నా నడిచిపోతుంది. పోయిన రోజు ఆ సంచి ఎవరి చేతికి దొరికితే వాళ్లు మొత్తం తిరగేస్తారు. అందుకే మూడు కవర్లు చేయమంటాను. స్టేషనరీ అంగడిలో దొరికే గోధుమరంగు పెద్ద కవర్లు చాలు.

సంఘం కవరు

మొదట్లో వాడు చందాలు నోట్లుగా వసూలు చేసి, సంఘం పేరున్న ఖాతాలో కట్టేవాడు. ఫోన్‌పే వచ్చాక అందరూ వాడి నంబరుకే వేయడం అలవాటు చేసుకున్నారు. వాడి జీతం, చీటీ డబ్బు, నిధి డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయాయి. పోయేనాటికి అందులో రెండు లక్షల ముప్పై వేలు. నిధిది లక్షా ఎనభై నాలుగు వేలని వాడి నోటుబుక్కులో ఉంది. బ్యాంకుకు ఆ నోటుబుక్కుతో పనిలేదు, ఉండకూడదు కూడా. నామినీగా మా అమ్మ పేరుంది, వాడి పెళ్లికి ముందు రాయించింది. పాస్‌బుక్కులో అమ్మ ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనక ఉంది. ఎనభై ఏళ్ల మనిషిని ఆటోలో ఎన్నిసార్లు తిప్పామో లెక్కలేదు. డబ్బు చేతికొచ్చి నిధికి కట్టేలోపు వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. పదమూడేళ్లు పైసా తేడా రానీయని మనిషి గురించి.

కాబట్టి మొదటి పని, మీ సొంత నంబరుకు చందా వేయించుకోవడం ఈ నెలతోనే ఆపండి. సంఘం రిజిస్టర్ కాకపోతే చేయించండి. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. సంఘం పేరున ఖాతా తెరిచి, క్యూఆర్ కోడ్ కూడా ఆ ఖాతాకే తీసుకోండి. సంతకాలు ‘ముగ్గురిలో ఏ ఇద్దరైనా’ అని పెట్టించండి. ఇద్దరే ఉండి ఇద్దరూ చేయాలంటే, ఒకరు పోయిన రోజు ఖాతా ఆగిపోతుంది. ముగ్గురుంటే మిగిలిన ఇద్దరూ మధ్యాహ్నానికల్లా చెక్కు రాస్తారు. తర్వాత తీరిగ్గా మీటింగ్ పెట్టుకుని, మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, దాని కాపీ, డెత్ సర్టిఫికెట్, కొత్తవారి ఆధార్, ఫొటో బ్యాంకులో ఇస్తే పేరు మారుతుంది.

ఈ కవరులో ఒకే కాగితం పెట్టండి. ఖాతా ఏ బ్రాంచిలో ఉంది, చెక్కుబుక్కు, మినిట్స్ పుస్తకం ఎక్కడున్నాయి, చేతిలో నగదు ఎంత, ఎవరు ఎంత ఇవ్వాలి, ఎవరికి మనం ఎంత ఇవ్వాలి. ఒక కాపీ అధ్యక్షుడి దగ్గర, ఒకటి మీ దగ్గర. వాట్సాప్ గ్రూపులో ఇంకొకరిని అడ్మిన్‌గా చేయండి. దానికి పది సెకన్లు పట్టదు.

సభ్యుల సంగతులు ఆ కాగితంలో రాయొద్దు. ఈ మాట మీద నాకు పట్టుదల ఎక్కువ. ఒకసారి మా ఊరి సి.క్యాంపులో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకుని ఇంటికొచ్చి పొట్లం విప్పితే, లోపల ఎవరిదో దరఖాస్తు ఫారం. నూనె మరక కింద పాస్‌పోర్టు ఫొటో, ఖాతా నంబరు, సంతకం స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎవరి ఆఫీసు బీరువాలోనిదో, ఏ పాతపేపర్ల అతనికి వేశారో. ఆ పిల్లకు ఇరవై ఏళ్లుంటాయేమో. ఆ కాగితం చింపి సింక్‌లో నానబెట్టి ముద్ద చేసేదాకా నాకు బజ్జీ నోట్లోకి పోలేదు.

మీ సంఘం బీరువాలో కూడా అద్దెకున్నవాళ్ల ఆధార్ జిరాక్సులు, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినవాళ్లవి సహా, కట్టలు కట్టలుగా ఉంటాయి. అవసరం తీరినవి ముక్కలు చేసి నీళ్లలో నానబెట్టండి. ఇకమీదట మాస్క్‌డ్ ఆధార్ అడగండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. మీరు ఎవరికైనా జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా ఏ పనికి ఇస్తున్నారో, తేదీతో రాసి ఇవ్వండి. బాకీల జాబితా గ్రూపులో పెట్టొద్దు. మూడు నెలల చందా కట్టని ఇంట్లో కాన్సర్ మందులు కొంటున్నారని మీకు తెలియకపోవచ్చు, తెలిసినా మిగతా అరవై ఇళ్లకు తెలియాల్సిన పనిలేదు. తలుపు తట్టి మెల్లగా అడగండి.

ఇంటివాళ్ల కవరు

నామినీ అంటే డబ్బు ఆ మనిషిదే అనుకుంటారు. చాలా ఇళ్లలో కొట్లాట ఇక్కడే పుడుతుంది. నామినీ డబ్బు తీసుకుని, వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకపోతే చట్టం ప్రకారం వారసులకు అందించాల్సిన మనిషి. షేర్ల విషయంలో కూడా 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అలాగని నామినీ లేకపోతే నడవదు. నామినీ ఉన్న క్లెయిమును కాగితాలన్నీ సరిగ్గా అందాక బ్యాంకు పదిహేను రోజుల్లో తేల్చాలి. నామినీ లేకపోతే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వారసులందరి సంతకాలు, బాండ్లు, ఇంకా కోర్టు దాకా కూడా పోవాల్సి రావచ్చు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. లాకరుకు మాత్రం ఒకరి తర్వాత ఒకరు అన్న పద్ధతే. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలు ముందు చూసుకోండి.

ఒక ఖాతా మర్చిపోతే ఏమవుతుందని అడుగుతారు. పదేళ్లు ఎవరూ ముట్టని డబ్బును రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తారు. అది మునిగిపోదు, వారసులు తర్వాతైనా అడిగి తీసుకోవచ్చు. వెతకడానికి 2023 ఆగస్టు నుంచి ఉద్గమ్ అనే వెబ్‌సైటు ఉంది. కానీ ఏ బ్యాంకులో ఉందో ఇంటివాళ్లకు ఒక్క ముక్క రాసిపెడితే ఈ తిప్పలు ఉండవు.

పాస్‌బుక్కు తీసి మే నెలాఖరు పేజీ చూడండి. 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయిన వరుసలు ఉంటాయేమో. 436 అంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా రెండు లక్షలు. 20 అంటే ప్రమాద బీమా. నా టేబుల్ ముందు కూర్చున్నవాళ్లలో ఎంతోమందికి ఆ వరుస చూపించింది నేనే. ‘ఏదో చార్జీ అనుకున్నాం మేడం’ అనేవాళ్లు. ఈ రెండు అంకెలూ ఇంటి కవరు మీద పెద్దగా రాయండి.

చావు నమోదు 21 రోజుల్లోపు చేయిస్తే ఖర్చు లేదు. డెత్ సర్టిఫికెట్ కాపీలు పదైనా దగ్గర పెట్టుకోండి. పోయినవారి ఏటీఎం కార్డుతోనో, ఫోన్‌తోనో డబ్బు తీయొద్దు. కర్మలకని మంచి మనసుతో తీసినా, రేపు ఇంకో వారసుడు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది తీసినవాళ్లే.

వీలునామా గురించి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు చేయాలి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లను సాక్షిగా పెట్టొద్దు. ముస్లింలు వారసుల ఒప్పుకోలు లేకుండా మూడోవంతుకు మించి రాయలేరు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ నేనైతే చేయించమంటాను. అందరికీ తెలిసిపోతుందని భయపడేవాళ్లకు ఒక మాట. రిజిస్టరు చేసిన వీలునామా కాపీ మీరు బతికున్నంతవరకు మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. అదీ వద్దనుకుంటే సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేయొచ్చు. లోపల ఏముందో ఆయనకు కూడా తెలియదు. మీరు పోయాక అడిగినప్పుడే తెరుస్తారు.

ఈ కవరు ఎక్కడ పెట్టాలన్నది కర్నూలు వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊర్లోకి వచ్చి పోయాక, అప్పట్లో సేవింగ్స్ కౌంటర్లో ఉన్న నా దగ్గరికి ఒకామె ఇటుకలా గట్టిపడ్డ పాస్‌బుక్కు, బాండ్లు తెచ్చింది. బురద ఎండి పేజీలు అతుక్కుపోయాయి. స్టీలు స్కేలు అంచు పెట్టి ఒక్కొక్క పేజీ లేపుతుంటే కాగితం పొరలుగా ఊడొచ్చింది. సిరా అంతా ఊదారంగు మరకైంది. ఖాతా నంబరులో మూడు అంకెలు మిగిలాయి. కంప్యూటర్లో ఉంది కాబట్టి సరిపోయింది. ఆమె ఇంటి పత్రానికి ఆ దారి కూడా లేదు. అప్పటినుంచి మా ఇంట్లో కాగితాలు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో, అటక మీద, స్టీలు డబ్బాలో ఉంటాయి. ఒక జత కాపీలు వేరే ఊర్లో మా అమ్మాయి దగ్గర.

మీ కవరు

తమ్ముడి ఫోన్ సంగతి ఇక్కడ చెప్పాలి. మూడోరోజు పిల్లలు నిధి డబ్బు కోసమే ఫోన్ తెరవాలని చూశారు. వాడి కూతురి పుట్టినతేదీ నొక్కితే తెరుచుకుంది. డబ్బుకు ఇంకో పిన్ ఉంది, అది దొరకలేదు. మాటలు దొరికాయి. నాలుగేళ్లుగా ఒక డాక్టరుకు పెడుతున్న మెసేజీలు. ఒకటి మా అల్లుడు నాకు చూపించాడు, వద్దనేలోపే చదివేశాను. ‘సార్, రాత్రి మళ్లీ చచ్చిపోతానేమో అనిపించింది. చెమటలు పట్టినాయి. ఇంట్లో చెప్పలేదు.’

వీధిలో ఏ శవం లేచినా ముందుండి భుజం పట్టినవాడు.

సాయంత్రానికి దినాలకొచ్చిన బంధువుల్లో సగంమందికి తెలిసిపోయింది. ‘పిచ్చి మాత్రలు మింగేవాడంట’ అని ఎవరో అన్నారు. వాడి కూతురికి సంబంధం మాట్లాడుతున్నారు అప్పుడు. అవతలివాళ్లు అదే అడిగారు. వాడు నాలుగేళ్లు పళ్ల బిగువున దాచుకున్నది మూడు రోజుల్లో వీధిన పడింది. అది తప్పు పని కాదు, సిగ్గుపడాల్సిన జబ్బూ కాదు. కానీ ఎవరికి చెప్పాలో తేల్చుకోవాల్సింది వాడు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జిలు కలిసి, గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. పోయినవాడు ఆ హక్కు అడగడానికి రాలేడు. అందుకని బతికుండగా చేసుకోగలిగినవి చెప్తాను.

ఫోన్ లాక్‌కు పుట్టినతేదీలు పెట్టొద్దు. ఆ పిన్ ఒక చీటీ మీద రాసి, కవరులో పెట్టి, అంటించిన చోట అడ్డంగా సంతకం చేయండి. యూపీఐ పిన్ మాత్రం ఎక్కడా రాయొద్దు. అదే చీటీలో ఏం చేయాలో కూడా రాయండి. నాది ఇలా ఉంది: ‘ఫొటోలు, ఫోన్ నంబర్లు తీసుకోండి. వాట్సాప్ తెరవొద్దు. బ్యాంకు పనులు అయ్యేదాకా సిమ్ ఉంచండి. తర్వాత ఫోన్ రీసెట్ చేయండి.’ సిమ్ మాట ఎందుకంటే, రీచార్జి లేకుండా వాడకం ఆగిపోతే మూడు నెలల తర్వాత నంబరు రద్దయి, కొన్నాళ్లకు ఇంకొకరికి పోతుంది. అప్పటికి ఖాతాలు మూసుకోకపోతే మెసేజీలు వాళ్లకు వెళ్తాయి.

గూగుల్ ఖాతాలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా మీరు పెట్టిన గడువు వరకు ఖాతా వాడకపోతే, మీరు చెప్పినవాళ్లకు మీరు ఎంచినవే చేరుతాయి. నేను మా అమ్మాయికి ఫొటోలు మాత్రమే వచ్చేట్లు, మిగతాది చెరిగిపోయేట్లు పెట్టాను. ఐఫోన్ ఉంటే ఇలాంటి పనికే లెగసీ కాంటాక్ట్ అని ఉంది.

ఈ కవరు ఎవరికివ్వాలి? అందరికంటే దగ్గరివాళ్లకే ఇవ్వాలని లేదు. అడక్కుండా తెరవని మనిషికి ఇవ్వాలి. నాది మా చెల్లెలి దగ్గర ఉంది. చిన్నప్పుడు నా డైరీ దొరికితే చదవకుండా తెచ్చిచ్చిన మనిషి తను.

కూర్చోనివ్వని భయం

ఇదంతా ఒక ఆదివారం పని. ఏళ్లు పడుతుంది ఎందుకంటే, ఆ మాట ఎత్తితే చావును పిలిచినట్లని మనకు దిగులు. నామినీ ఫారం ముందు పెడితే ‘పొద్దన్నే ఈ మాటలేంటికి మేడం, ఈ పొద్దు శుక్రవారం’ అన్నవాళ్లు నాకు వారానికి ఇద్దరైనా తగిలేవాళ్లు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నేను అడిగే తీరు మార్చుకున్నాను. ‘మీరు పోతే’ అనడం మానేసి, ‘మీరు ఆసుపత్రిలో ఉంటే బ్యాంకు పని ఎవరు చూడాలి?’ అనేదాన్ని. పేరు వెంటనే చెప్పేవాళ్లు.

ఇంట్లో పెద్దవాళ్లతో అయితే ముందు మీ కాగితాలు వాళ్లకు చూపించండి. రాత్రి అన్నాలయ్యాక నా కవర్లు మంచం మీద పరిచి మా అత్తమ్మకు ఒక్కొక్కటి చెప్పాను. ఎనభై నాలుగేళ్లు ఆమెకు. అంతా విని, చెవులు తడుముకుని, ‘నా కమ్మలు చిన్నదానికియ్యాల. పెద్దదానికి గాజులు. ఎన్నాళ్లనుంచో చెప్పాలనుకుంటాండా, మీరు ఏడుస్తారని చెప్పలా’ అంది. భయపడుతున్నది ఆమె కాదు, మేము.

తమ్ముడు పోయాక నాకూ రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. చెయ్యి గుండె మీద పెట్టుకుని కొట్టుకోవడం లెక్కపెట్టుకునేదాన్ని. ఈసీజీ బాగానే ఉంది. కవర్లు మూడూ అయ్యాక నిద్ర కొంత కుదిరింది. భయం పూర్తిగా పోయిందని అనను. ‘నేను లేకపోతే ఎట్ల’ అన్న ముక్క పోయింది, ఉత్త భయం మిగిలింది. దానికి నేను 14416కు ఫోన్ చేశాను. టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడు డాక్టరు దగ్గరికి పోయి మంచిపని చేశాడని నేను అక్కడ మొదటిసారి పైకి అన్నాను.

వెంటిలేటరు మీద నెలల తరబడి ఉంచొద్దనుకునేవాళ్లు అది కూడా రాసిపెట్టుకోవచ్చు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. మీ తరఫున మాట్లాడేవారి పేరు అందులో ఉండాలి. వాళ్లకు ముందే చెప్పండి, ఆసుపత్రి వరండాలో మొదటిసారి వింటే ఆ మనిషి తట్టుకోలేరు.

కవర్లు ఏడాదికోసారి తీసి చూడాలి. తేదీ గుర్తుండదంటే ప్రమాద బీమా 20 రూపాయలు కట్ అయిన మెసేజీ వచ్చిన రోజు పెట్టుకోండి. నేను ఈసారి ఆ రోజే తీశాను. నిధి ఇప్పుడు మా మరదలు, ఇంకో ఇద్దరు కలిసి చూస్తున్నారు, సంతకాలు ముగ్గురివి. ఆమె ఫోన్ నంబరు మారింది. పాతది కొట్టేసి కొత్తది రాసి, కవరు అంటించి, దాని మీద తేదీ వేసి అటక మీద పెట్టాను.